సున్నా వేసిన గుట్ట

శనివారం మధ్యాహ్నం ఫోన్ మోగేసరికి గిరిప్రసాద్ టిఫిన్ డబ్బాలో పెరుగన్నం కలుపుకుంటున్నాడు. కరెంటు పోయి చాలాసేపైంది. అది 2012. ఆ ఏడాది నాచారంలో కరెంటు ఎప్పుడు పోతుందని ఎవరూ అడిగేవారు కాదు, ఎప్పుడొస్తుందనే అడిగేవారు. కింద లేతు మిషన్ల షెడ్డు మూగబోయింది. పైన మొదటి అంతస్తులో ఉన్న ఈ ఆఫీసులో యూపీఎస్ మాత్రం ప్రాణం పోతున్నట్టు కీచుమంటోంది.

గుమ్మానికి 'జీవజాల అధ్యయన సంఘం' అని బోర్డు ఉంటుంది. పేరు చూసి ఏదో పెద్ద సంస్థ అనుకునేరు. అధ్యక్షులు నరసింహమూర్తి గారు, రిటైరైన జువాలజీ ప్రొఫెసరు. బండేసుకుని ఊళ్లమ్మట తిరిగి, ఎక్కడ ఏ పక్షి ఉంది, ఏ జంతువు ఉంది అని చూసి రాసుకొచ్చేది బాలరాజు. ఆ రాతల్ని కంప్యూటర్లో మ్యాపుగా మార్చేది మన గిరిప్రసాద్. తెనాలి నుంచి వచ్చి ఉప్పల్లో అద్దెకుంటున్నాడు. పిరికివాడు. నేను కల్పించి చెప్పడం లేదు, ఆయన భార్య కనకమహాలక్ష్మే చెబుతుంది. సిలిండర్ కట్టేశానా లేదా అని బస్టాపు నుంచి వెనక్కి వచ్చే రకం.

మ్యాపు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నగరం అంచుల్ని చదరంగం బల్లలా గడులుగా కోస్తారు. ఒక్కో గడిలో ఎన్ని రకాల జీవాలున్నాయో లెక్క వేస్తారు. ఎక్కువ రకాలుంటే ఆ గడికి ఎర్ర రంగు. ఎర్ర గడులంటే ముందుగా కాపాడుకోవలసిన చోట్లు. అక్కడ క్వారీలూ లేఅవుట్లూ రాకూడదని సర్కారుకి రాస్తారు. తక్కువుంటే పసుపు, ఏమీ లేకపోతే తెలుపు. ఆ అక్టోబరులోనే నగరంలో జీవవైవిధ్యం మీద ప్రపంచ సదస్సు జరిగింది. ఆ ఊపులో సంఘం కూడా ఒక చిన్న ప్రదర్శన పెట్టి, వచ్చినవాళ్లందరికీ మ్యాపు కాపీలు పంచింది.

అందరికీ పంచే కాపీలో ఒక మోసం ఉంటుంది. మోసమంటే మంచి మోసమే. నక్షత్ర తాబేలు, అలుగు, పెద్ద గుడ్లగూబ లాంటివి అమ్ముడుపోయే జీవాలు. వాటి చోటు ఉన్నదున్నట్టు మ్యాపులో పెడితే దొంగల చేతికి చిరునామా రాసిచ్చినట్టే. అందుకని వాటి బొమ్మని అసలు గడిలోంచి తీసి, ఏమీ లేని ఒక తెల్ల గడిలోకి జరుపుతారు. అది గిరిప్రసాద్ పని. తలమీద కొమ్ముల్లా ఈకలు నిక్కపొడుచుకుని ఉండే పెద్ద గుడ్లగూబల జంట ఒకటి బాలరాజుకి ఒక గుట్ట మీద కనపడింది. ఆ గుట్ట ఎక్కడో నేను చెప్పను, మీరు అడక్కండి. గిరిప్రసాద్ ఆ బొమ్మని తీసుకెళ్లి అన్నోజిగూడ అవతల ఒక తెల్ల గడిలో పెట్టాడు.

ఇక ఫోను.

"హలో, జంతువుల మ్యాపు జేసేది మీరేనా సార్?"

"అవునండీ, చెప్పండి."

"మొన్న ఎగ్జిబిషన్ల మీ మ్యాపు తెచ్చుకున్నం. అన్నోజిగూడ దాటినంక ఒక గుట్ట మీద గుడ్లగూబ బొమ్మ ఉన్నది గదా. గాడికి ఎట్ల పోవాలె సార్? స్కూలు పిల్లలకు సూపెడ్దమని."

గిరిప్రసాద్ కళ్లు గోడమీది క్యాలెండరు వైపు పోయాయి. మంగళవారం దీపావళి. దీపావళి అమావాస్య ముందు గుడ్లగూబని వెతుక్కుంటూ పోయేది ఏ బడి పిల్లలో ఈ పనిలో ఉన్నవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. అమావాస్య రాత్రి గూబని బలిస్తే ఇంట్లో లక్ష్మి నిలుస్తుందని నమ్మేవాళ్లున్నారు. వాళ్లకి పట్టి ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

మామూలుగా అయితే గిరిప్రసాద్‌కి అక్కడే ముచ్చెమటలు పట్టాలి. పట్టలేదు. పైగా లోపల ఏదో గిలిగింత పుట్టింది. ఆ గడి తెల్లది. అక్కడ ఏమీ లేదు. వీడు వలలు మోసుకుని, రాళ్లెక్కి, మోకాళ్లు పగలగొట్టుకుని, ఉత్త చేతుల్తో దిగుతాడు. జీవితంలో మొదటిసారి ఒక దొంగని తను ఆడిస్తున్నాడు. ఆ ఆనందంలో మనిషికి ఒళ్లు తెలియలేదు.

"రాసుకోండి," అన్నాడు ఎంతో మర్యాదగా. "ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకోండి. నారపల్లి దాటాక అన్నోజిగూడ వస్తుంది. అక్కడ హైవే దిగి ఎడమకి తిరిగితే మట్టిరోడ్డు. కొత్త వెంచరు గేటు కనిపిస్తుంది, దాని వెనకాలే పాత క్వారీ గుంట. ఆ గుంటని ఆనుకున్న గుట్టే. గేటు దగ్గర ఎవరైనా ఆపితే, సంఘం నుంచి గిరిప్రసాద్ పంపాడని చెప్పండి. వదిలేస్తారు."

"మస్తు సాయం జేసిన్రు సార్," అని అవతలివాడు పెట్టేశాడు.

పెరుగన్నం అంత రుచిగా గిరిప్రసాద్ ఎన్నడూ తినలేదు.

కాసేపటికి బాలరాజు వచ్చాడు. జనగామ పక్క మనిషి, లాలాపేట్‌లో ఉంటాడు. మాట పెద్దది, పని తనకి బుద్ధిపుట్టినప్పుడు చేస్తాడు. గిరిప్రసాద్ ఊరించి ఊరించి కథంతా చెప్పాడు. నవ్వుతాడని చూశాడు. బాలరాజు నవ్వలేదు. హెల్మెట్ బల్లమీద పెట్టబోయి, మళ్లీ చేతిలోనే పట్టుకున్నాడు.

"ఆ గడిల ఏం లేదని మీకెవలు చెప్పిన్రు సార్?"

"ఎవరు చెప్పడమేమిటి, సున్నా ఉంది కదా."

"సున్నా నేను ఎయ్యలే."

"మరెవరు వేశారు?"

"నేను ఖాళీ ఇడిసిన. సున్నా మీ కంప్యూటర్ ఏసుకున్నది."

గిరిప్రసాద్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నిజమే. కాగితంలో ఖాళీగా వదిలిన చోట్లన్నీ కంప్యూటర్లో సున్నాలుగా నిండుతాయి. ఆ విషయం తనకి తెలుసు. ఎన్నోసార్లు సరిచెయ్యాలనుకున్నాడు. కానీ ఏ గడీ ఖాళీగా ఉండదులే, అంతా తిరిగే ఉంటాడులే అని వదిలేశాడు.

"నువ్వు అసలు అక్కడికి వెళ్లలేదా?"

"పోయిన సార్, ఎందుకు పోలే. ఎండాకాలంల పోయిన. గుట్ట అవుతల కొత్త క్వారీల మందు పేలుస్తున్నరు, లోపటికి పోనియ్యలే. మల్ల పోదమనుకున్న. గంతల మా చెల్లె పెండ్లి పడ్డది, మరిసిన." తప్పు తనదీ అని తెలిసి గొంతు కొంచెం తగ్గించాడు. "ఏముంటది లేన్రి సార్. ఉత్త గుట్ట."

ఉత్త గుట్ట అనే మాట ఇద్దరిలో ఎవరూ నమ్మలేదు. పాత క్వారీ గోడలు, బండల సందులు, చుట్టూ ఎలుకలు తిరిగే బీడు. పెద్ద గూబలకి ఇంతకంటే మంచి ఇల్లు ఉండదని గిరిప్రసాద్ స్వయంగా నివేదికలో రాశాడు, వేరే గుట్టల గురించి. ఉప్పల్ చుట్టుపక్కల అలాంటి గుట్టలు రోజురోజుకీ కరిగిపోతున్నాయి. ఉన్న నాలుగు బండల్లో గూబలు చేరకుండా ఎక్కడ చేరతాయి?

ఆఫీసుది పాత ల్యాండ్‌లైను. ఫోను ఏ నంబరు నుంచి వచ్చిందో కనపడదు. వాణ్ని వెనక్కి పిలిచే దారి లేదు.

బెంగళూరులో ఏదో మీటింగులో ఉన్న నరసింహమూర్తి గారికి ఫోన్ చేశాడు. ఆయన అంతా విన్నారు.

"నువ్వే దారి చెప్పావా?"

"చెప్పానండీ."

"పేరు కూడా చెప్పావా?"

"చెప్పానండీ."

"గిరీ, ఒక్క మాట విను. మన సంఘమే దొంగలకి దారి చూపించిందని బయట పొక్కిందంటే రేపట్నుంచి మనల్ని ఎవడూ గడప తొక్కనివ్వడు. ఇన్నేళ్ల పని గంగలో కలుస్తుంది. అటవీ శాఖ వాళ్లకి ఫలానా చోట అనుమానంగా ఉందని చెప్పు, అంతే. నువ్వు అక్కడికి వెళ్లకు. నిన్ను అక్కడ ఎవరైనా చూస్తే మొదటి అనుమానం నీ మీదే."

అటవీ సిబ్బందికి చేశాడు. అవతల మనిషి ఓపిగ్గానే విన్నాడు. దీపావళి ముందు కదా, ఉన్నవాళ్లమంతా పక్షులమ్మే బజార్ల మీదే ఉన్నాం, సోమవారం మధ్యాహ్నానికి మనుషుల్ని పంపిస్తాం అన్నాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. గిరిప్రసాద్‌కి మాత్రం సోమవారం మధ్యాహ్నం అనేది వచ్చే ఏడాదిలా వినిపించింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాడు కానీ మనసు ఇంటికి రాలేదు. కూతురు గీతిక చిచ్చుబుడ్ల గురించి ఏదో అడిగితే ఊఁ కొట్టాడు. కంచంలో కూర వేస్తే తినలేదు, వెయ్యలేదేం అని అడిగాడు. ఆదివారం పొద్దున్న కనకమహాలక్ష్మి ఇక ఊరుకోలేదు.

"ఏవండీ, ఏమిటా మొహం? ఎవరికైనా ఏమైనా అయిందా?"

"ఇంకా కాలేదు."

"అంటే?"

చెప్పాడు. నరసింహమూర్తి గారు వెళ్లొద్దన్నారని మటుకు రెండుసార్లు చెప్పాడు. ఆమె కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి, "దారి చెప్పింది నరసింహమూర్తి గారా, మీరా?" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. అంటే బాగుండునని గిరిప్రసాద్ అనుకున్నాడు. నాలుగు తిట్లు తింటే మనిషికి కొంత తేలికవుతుంది.

ఉద్యోగం పోతే అనుకున్నాడు. పోలీసులు తననే పట్టుకుంటే అనుకున్నాడు. అక్కడ ఏమీ లేకపోతే, ఈ భయమంతా దండగ అయితే ఎంత బాగుంటుందో అనుకున్నాడు. ఆ ఆశే చివరికి ఆయన్ని లేపింది. వెళ్లి చూసి, ఏమీ లేదని తేలిస్తే హాయిగా పండగ చేసుకోవచ్చు. మధ్యాహ్నం భోజనం కాగానే బాలరాజుకి ఫోన్ చేశాడు.

బాలరాజు బండి వెనకాల కూర్చున్నాడు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మెట్రో కోసం రోడ్డంతా తవ్విపడేశారు. దుమ్ములో బస్సులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. బోడుప్పల్ దాటేసరికి గిరిప్రసాద్ కళ్లలో, నోట్లో అంతా మట్టే. నారపల్లి దగ్గర పొలాల మధ్యలో రంగురంగుల జెండాలు, సిమెంటు కమాన్లు, కమాన్ల మీద దేవుళ్ల పేర్లు. ప్లాట్లు కొనడానికి వచ్చిన కార్లు వరసగా ఆగి ఉన్నాయి. ఈ గుట్ట మీద ఎవరూ ఉండకూడదు, ఏదీ ఉండకూడదు అని ఆయన దారి పొడుగునా దణ్ణాలు పెట్టుకుంటున్నాడు. తన ఉద్యోగానికి పూర్తిగా ఎదురుతిరిగిన ప్రార్థన అది. ఆ సంగతి గుర్తుకు రాలేదాయనకి.

అన్నోజిగూడ దగ్గర హైవే దిగారు. ఎడమకి తిరిగారు. మట్టిరోడ్డు, వెంచరు గేటు, వెనకాల క్వారీ గుంట. అన్నీ తను ఫోన్లో చెప్పినట్టే ఉన్నాయి. ఉపగ్రహ చిత్రంలో తప్ప తను ఎన్నడూ చూడని చోటుకి ఇంత చక్కగా దారి చెప్పగలిగానని నిన్నటి మనిషైతే మురిసిపోయేవాడు.

గేటు పక్కన రేకుల గదిలోంచి ఒక ఆడమనిషి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. వెంచరుకి కాపలా ఆమేనట, పేరు ఉప్పలమ్మ. వీళ్ల బండి మీద ఉన్న బైనాక్యులర్ సంచి వంక చూసింది.

"మీరు గూడ గూబల సార్లేనా?"

బాలరాజే అడిగాడు. "మీరు గూడ అంటున్నవేందమ్మా? ముందుగాల ఎవలొచ్చిన్రు?"

"నిన్న పొద్దుమీకి ఇద్దరొచ్చిన్రు గద. గిరిప్రసాద్ సారు తోలిండు, గూబల లెక్క రాసుకపోవాలె అన్నరు. మీ కాయిదం గూడ సూపెట్టిన్రు, రంగురంగులది. నేనే ఎంబడివోయి సూపెట్టిన." ఎంతో ఇష్టంగా చెబుతోంది. "రెండేండ్ల సంది ఈడనే ఉన్నయి బిడ్డా. జంట. నిద్ర పట్టకుంటే వాటి కూతే ఇంటుంట. గూబ కూస్తె కీడంటరు గని, నాకేం కీడు కాలే. ఒక్కదాన్నే ఉంట, తోడున్నట్టు ఉంటది."

"వాళ్లు... వాటిని ఏం చేశారు?" అన్నాడు గిరిప్రసాద్.

"ఏం జేయలే. చేతుల ఏం తేలే గద. రేపు తెల్లారంగ వస్తరంట. వల తెస్తరంట. కాళ్లకు ఉంగరాలేసి మల్ల ఇడిసిపెడ్తమన్నరు. గట్ల జేస్తరా సారూ?"

గట్ల చేస్తారు, పక్షుల మీద పరిశోధన చేసేవాళ్లు. కానీ ఆ దొంగ, ఏం చెబితే ఈమె నమ్ముతుందో తెలుసుకునే వచ్చాడు.

"గిరిప్రసాద్ నేనేనమ్మా," అన్నాడు.

ఉప్పలమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. "మరి వాళ్లను తోలింది?"

"నేనే."

బాలరాజు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. అమావాస్య సంగతి, బలి సంగతి వాడే చెప్పాడు ఆమెకి, ముక్కలు ముక్కలుగా. వింటూ వింటూ ఉప్పలమ్మ అక్కడే మట్టిలో కూలబడింది. "నేనే సూపెడ్తినే," అని ఒకటే మాట అనుకుంటూ కూర్చుంది. ఆమె పక్కన నిలబడటానికి గిరిప్రసాద్‌కి సిగ్గేసింది.

పొద్దు వాలుతోంది. ముగ్గురూ క్వారీ గుంట అంచు పట్టుకుని నడిచారు. గుట్ట మొదట్లో ఉప్పలమ్మ ఆగి, చెయ్యెత్తి నిలువు బండ వైపు చూపించింది. గిరిప్రసాద్‌కి ముందు రాయి తప్ప ఏమీ కనపడలేదు. బాలరాజు బైనాక్యులర్ చేతికిచ్చి, తల పట్టుకుని అటు తిప్పాడు.

బండ సందులో రాయి రంగులోనే రెండు పిట్టలు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుని ఉన్నాయి. ఒకటి కళ్లు మూసుకుని ఉంది. రెండోది తెరిచింది. పండిన నిమ్మపండు రంగు కళ్లు. సూటిగా ఈయన్నే చూస్తున్నాయి.

మీకొక విషయం చెప్పలేదు. గిరిప్రసాద్ ఇన్నేళ్లలో ఎన్ని గుడ్లగూబ బొమ్మల్ని మ్యాపులో పెట్టాడో లెక్కలేదు. కానీ బతికున్న పెద్ద గూబని చూడటం ఇదే మొదటిసారి. బొమ్మల్లో ఇంత పెద్దగా ఉండవు. తలమీది ఈకలు గాలికి కదులుతాయని కూడా తెలియదు ఆయనకి. ఎంత బాగున్నాయి అనుకున్నాడు. అనుకోగానే కళ్లనీళ్లు తిరిగాయి. ఈ జంట లెక్కలోకి వచ్చి ఉంటే ఈ గడికి ఎరుపు వచ్చేది. గుట్ట అవతలి క్వారీ ఆపమని పై వాళ్లకి తనే ఉత్తరం తయారుచేసేవాడు. దాని బదులు దొంగలకి దారి చెప్పాడు.

"ఈ రాత్రి ఈడనే కూసుంటం సార్," అన్నాడు బాలరాజు. "మా లాలాపేట్ దోస్తులను పిలుస్త. తెల్లారి వాళ్లొచ్చిన్రనుకో, ఒక్కనికి కాలు ఇరగాలె."

"ఎల్లుండి మళ్లీ వస్తే?"

"ఎల్లుండి గూడ ఉంటం."

"దీపావళి పోతే ఇంకో అమావాస్య వస్తుంది బాలరాజూ. ఎన్ని అమావాస్యలు కూర్చుంటాం? వాళ్లకి బండ తెలిసిపోయింది. సందు తెలిసిపోయింది. అమ్మేవాడు ఇంకొకడికి చెబుతాడు." గిరిప్రసాద్ బైనాక్యులర్ దింపాడు. మాట వణకలేదు, అదే విచిత్రం. "చోటు తెలిసిపోయాక కాపాడేది ఏమీ ఉండదు. ఇవి ఇక్కడ ఉండకూడదు. తెల్లారేసరికి ఉండకూడదు."

బాలరాజుకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "ఎల్లగొడ్తమా?"

"గుడ్లు పెట్టే కాలం ఇంకా రాలేదు కదా. ఇప్పుడు బెదిరితే వేరే చోటు వెతుక్కుంటాయి."

"మనం ఉన్నది జీవాలను కాపాడనీకా, ఎల్లగొట్టనీకా సార్?"

గిరిప్రసాద్ బైనాక్యులర్ సంచిలో పెట్టాడు. "అన్నోజిగూడ చౌరస్తాలో టపాకాయల కొట్లు చూశాను," అన్నాడు. "ఉన్నవాటిల్లో పెద్దవి పట్రా."

బాలరాజు వెళ్లి వచ్చేదాకా ఆయన బండల మధ్య కూర్చున్నాడు. ఉప్పలమ్మ కొంచెం దూరంలో కూర్చుంది. హైవే మీద లారీల మోత సన్నగా వినిపిస్తోంది. పొద్దు గుంకాక ఒక గూబ పిలిచింది, లోతుగా, ఖాళీ కుండలోకి ఊదినట్టు. రెండోది జవాబిచ్చింది. ఉప్పలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"పండుగ మొకాన వాటిని బెదిరించుడు పాపం గాదా సారూ?"

"పాపమేనమ్మా."

"మరి?"

"తెల్లారితే ఇంకా పెద్ద పాపం."

బాలరాజు లక్ష్మీ బాంబుల డబ్బాలు రెండు, సుతిలీ బాంబులు ఒక కట్ట తెచ్చాడు. గిరిప్రసాద్ ఇంట్లో కాకరపువ్వొత్తి కూడా చేతికి బట్ట చుట్టుకుని కాల్చే మనిషి. మొదటి బాంబు తనే వెలిగిస్తానన్నాడు. ఎందుకో బాలరాజు కాదనలేదు. బండ కింద మట్టిలో పెట్టి, అగరువత్తి అందించాడు. వత్తి అంటుకునేలోగా గిరిప్రసాద్ మూడుసార్లు వెనక్కి గెంతాడు. నాలుగోసారికి అంటుకుంది.

క్వారీ గోడలకి కొట్టుకుని ఆ చప్పుడు రెండింతలైంది. గూబలు సందులోంచి బయటికి వచ్చాయి. కానీ పోలేదు. పక్క బండ మీద వాలి, రెక్కలు సగం తెరుచుకుని, తలలు తిప్పి తిప్పి చూశాయి. ఒకటి ముక్కుతో టకటకా చప్పుడు చేసింది. తమ ఇల్లు విడిచి పోయేది లేదని అంటున్నట్టే ఉంది. గిరిప్రసాద్‌కి అక్కడే ఏడుపు వచ్చేసింది. "పోండి," అన్నాడు పళ్లబిగువున. "పోండి తల్లీ."

"కట్ట మొత్తం పెడ్తున్న సార్," అని బాలరాజు ఆ బండ మొదట్లోకి వంగి పాకాడు. "మీరు జర పక్కకు జరుగుండ్రి. యాడికి పోతయో మటుకు సూడుండ్రి."

ఆ మాట వాడు అలవాటుగా అన్నాడు. ఎగిరిన పిట్ట ఎటు పోయిందో చూసి రాసుకోవడం వాళ్ల రోజువారీ పని. గిరిప్రసాద్ కూడా అలవాటుగానే తలెత్తాడు. పడమట ఇంకా కొంచెం వెలుతురుంది. ఎగిరితే రెక్కలు స్పష్టంగా కనపడతాయి. తూర్పుకి ఘట్‌కేసర్ వైపు పోతాయా, ఉత్తరాన ఉన్న ఇంకో గుట్ట మీద వాలతాయా? ఒక్కసారి చూస్తే చాలు, ఏ గడో చెప్పేస్తాడు. ఇంతగా నచ్చిన ఈ జీవాలు ఎక్కడ బతుకుతాయో తెలిస్తే ప్రాణానికి ఎంత హాయిగా ఉంటుంది.

అక్కడే ఆయనకి తన సంగతి తనకి గుర్తొచ్చింది. తెలిస్తే మనసులో దాచుకోలేడు. మ్యాపులో పెడతాడు, లేకపోతే పక్కకి జరిపి పెడతాడు, లేకపోతే నరసింహమూర్తి గారడిగితే చెబుతాడు. ఏ మర్యాదస్తుడో ఫోన్ చేసి సార్ అంటే చాలు, రాసుకోండి అంటాడు.

వత్తి చిటపటమంది. బాలరాజు వెనక్కి దొర్లాడు.

గిరిప్రసాద్ రాయి వైపు తిరిగి, నుదురు దానికి ఆనించి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కట్ట పేలింది. గుట్ట మొత్తం అదిరింది. పెద్ద గూబ రెక్కలకి చప్పుడు ఉండదని తెలుసు ఆయనకి. అయినా తలమీదుగా ఏదో గాలి పోయినట్టు అనిపించింది. కళ్లు తెరవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. తెరవలేదు. పొగ వాసన పూర్తిగా పోయేదాకా అలాగే ఉన్నాడు.

"పోయినయా?" అంటూ బాలరాజు మట్టి దులుపుకుంటూ వచ్చాడు. "నేను మొకం దాసుకున్న, సూడలే. ఎటువోయినయి సార్?"

"నేనూ చూడలేదు."

"మీరు ఈడనే ఉన్నరు గద?"

"కళ్లు మూసుకున్నాను."

ఉప్పలమ్మ లేచి వచ్చి ఖాళీ బండ వంక, తర్వాత ఆకాశం నలువైపులా చూసింది. ఎక్కడా ఏమీ లేదు.

"మల్ల రావా సారూ అవి?" అంది.

"రాకూడదమ్మా," అన్నాడు గిరిప్రసాద్.

ఆమె వెనక్కి తిరిగింది. గదిలోకి వెళ్లి దీపం వెలిగించింది. వాళ్లిద్దరూ బండి దగ్గరికి నడిచారు. దారిలో బాలరాజు ఒకసారి ఆగి చెవి ఒగ్గి విన్నాడు. గిరిప్రసాద్ వాడి భుజం మీద చెయ్యి వేసి, "వినొద్దు, పద," అన్నాడు.